ఎఫ్‌సీ-150 పికప్‌కి నట్లూ బోల్టులూ ఎక్కడ దొరికాయి: తిరుపతి నుంచి ఒక కేస్ స్టడీ

బండి మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్. ఇంజను మీదే క్యాబిన్ ఎక్కి కూర్చుని ఉంటుంది చూడండి, ముక్కు లేని జీపు, అదే. అమెరికాలో విల్లీస్ వాళ్లు 1956 చివర్లో తెచ్చిన డిజైన్ ఇది. మన దగ్గర మహీంద్రా 1965లో పెట్రోలు బండిగా మొదలుపెట్టింది. ఓనరు వాళ్లకి దామలచెరువు పక్కన మామిడి తోట ఉంది. ఒకప్పుడు తోతాపురి కాయలు యార్డుకి తోలిన బండే, ఆ తర్వాత చాలా ఏళ్లు షెడ్డులో కొబ్బరి మట్టల కింద పడి ఉంది. ఇలాంటి బండ్లలో చాలావాటికి మధ్యలో ఎప్పుడో ఎవరో డీజిల్ ఇంజను ఎక్కించేశారు, దీంట్లో మాత్రం అసలు హరికేన్ ఎఫ్134 పెట్రోలు ఇంజనే ఉంది, అందుకే దీన్ని బాగుచేసే పని ఒప్పుకున్నాను.

టింకరింగ్, పెయింటు, ఇంజను బోరింగ్ గురించి రాయడానికి కొత్తగా ఏమీ లేదు, తిరుపతిలో ఆ పనులు బాగా చేసేవాళ్లు ఉన్నారు. ఈ బండిని నిజంగా ఆపింది నట్లూ బోల్టులే. షాపుకి వెళ్లి "పాత జీపు పికప్‌కి బోల్టు కావాలన్నా" అంటే ఎవరైనా ఒకటే మాట: "అవన్నీ ఇప్పుడు యాడుండాయన్నా, ఎప్పుడో ఆపేసినారు." ఆ మాట నమ్మితే పని అక్కడితో ఆగిపోతుంది. బండి పేరు చెప్పి బోల్టు అడక్కూడదు. ఆ త్రెడ్డు (మర) ఇప్పటికీ ఏ మిషన్లో నడుస్తోందో కనుక్కుని, ఆ మిషన్ పేరు చెప్పి అడగాలి. ఈ బండికి అమెరికా నుంచి తప్పనిసరిగా తెప్పించుకోవాల్సి వచ్చినవి ఒక చిన్న సంచీడు మాత్రమే, మిగతావన్నీ తిరుపతి, చిత్తూరు, చెన్నైల మధ్యనే దొరికాయి.

విప్పేటప్పుడే సగం పని

బోల్టు విప్పి డబ్బాలో పడేసే అలవాటు ఉంటే పాత బండి పని పెట్టుకోకండి. నేను అట్టముక్క మీద ఆ భాగం ఆకారం గీసి (ఇంజను అడుగున ఆయిలు తొట్టి, అంటే సంపు అయితే సంపు, టైమింగ్ కవరు అయితే కవరు), ఏ బోల్టు ఏ రంధ్రంలోంచి వచ్చిందో అక్కడే గుచ్చి పెడతాను. ఒకే కవరుకి రెండు పొడవుల బోల్టులు ఉంటాయి, పొడవుది పొట్టి రంధ్రంలో బిగిస్తే లోపల బ్లాకు పగులుతుంది. తర్వాత ఒక్కోదానికీ వెర్నియర్‌తో మందం, పిచ్ గేజ్‌తో (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరాన్ని, అంటే పిచ్‌ని, చూసే పళ్ల రేకు) త్రెడ్డు చూసి అక్కడే పెన్నుతో రాస్తాను. పిచ్ గేజ్ రెండు రకాలూ ఉండాలి, మిల్లీమీటర్లదీ, అంగుళాలదీ. ఈ రెండోది మన మెకానిక్కుల్లో చాలామంది దగ్గర ఉండదు, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

ఈ బండి పుట్టినప్పుడు అన్నీ అంగుళాల త్రెడ్లే. యూఎన్‌సీ అంటే ముతక త్రెడ్డు, యూఎన్‌ఎఫ్ అంటే సన్న త్రెడ్డు. నా దగ్గరికి వచ్చేసరికి మూడో వంతు దాకా మిల్లీమీటర్ల బోల్టులు దిగబడి ఉన్నాయి. దీనికి కారణం స్పానర్లు. అరంగుళం బోల్టు తల ముప్పావంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. 19 స్పానర్ చక్కగా పడుతుంది. ఎం12 (అంటే 12 మిల్లీమీటర్ల మెట్రిక్) బోల్టు తలా 19. అలాగే 5/16 బోల్టు తల 12.7, దానికి 13 స్పానర్ పట్టేస్తుంది, ఎం8 బోల్టు తలా 13. స్పానర్ పట్టింది కాబట్టి బోల్టు కూడా ఆ సైజే అనుకున్న ప్రతి మెకానిక్కూ ఈ బండిలో ఒక గుర్తు వదిలి వెళ్లాడు. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు, ఎం8 కంటే వెంట్రుకవాసి తక్కువ. ఎం8 బోల్టు 5/16 రంధ్రంలో ఒకటి రెండు చుట్లు చేత్తోనే తిరుగుతుంది, ఆ తర్వాత బిగుస్తుంది, అప్పుడు మనవాడు స్పానర్‌కి పైపు తగిలిస్తాడు. లోపలి త్రెడ్డు నలిగిపోతుంది. సంపు అంచు చుట్టూ ఇలాంటివే, అందుకే ఆయిలు కారుతూ ఉండేది, ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆగలేదని ఓనరు చెప్పాడు.

ఏ త్రెడ్డు ఏ ఇంటిది

ఇక్కడ కొంచెం పాత కథ తెలిస్తే షాపులో తిరుగుడు తగ్గుతుంది. ఇంగ్లాండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో పెట్టిన త్రెడ్డు కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో చెప్పింది 60 డిగ్రీలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకి పట్టక అవస్థ పడ్డాక, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఒకే పద్ధతి ఒప్పుకున్నాయి. యూఎన్‌సీ, యూఎన్‌ఎఫ్ అవే. మన దేశంలో తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చి మెట్రిక్ మొదలైంది గానీ, అప్పటికే విదేశీ డిజైన్లు తెచ్చుకున్న ఫ్యాక్టరీలు ఆ డిజైన్‌తో పాటు వచ్చిన త్రెడ్డునే పట్టుకుని సాగాయి.

దీంతో మనకేం పని అంటే, బండి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే త్రెడ్డు దానంతటదే తెలిసిపోతుంది. టాటా లారీలు 1954లో బెంజ్ వాళ్లతో కలిసి మొదలయ్యాయి, జర్మన్ డిజైన్ కాబట్టి మెట్రిక్. ఫియట్ డిజైన్‌తో వచ్చిన ప్రీమియర్ పద్మిని మెట్రిక్. అంబాసిడర్ ఇంగ్లీషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, దాంట్లో యూఎన్‌ఎఫ్ దండిగా ఉంటుంది. మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరులో యూఎన్‌ఎఫ్, యూఎన్‌సీ రెండూ ఉంటాయి. మహీంద్రా బి-275 ట్రాక్టరు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ డిజైన్, అదీ అంగుళాలదే. క్యాటర్‌పిల్లర్ మట్టి మిషన్లలో యూఎన్‌సీ.

అంబాసిడర్ ఆగిపోయింది సరే, ట్రాక్టర్లు ఎక్కడికి పోతాయి? చిత్తూరు వైపు ఏ ఊరి సెంటరులో చూసినా ఒక ట్రాక్టరు స్పేర్స్ షాపు ఉంటుంది. మొదట నేను జీపు మాట ఎత్తితే తల అడ్డంగా ఊపిన షాపులోనే, తర్వాత "అన్నా, మాసీకి వేసే 3/8 సన్న త్రెడ్డు, అంగుళంన్నర పొడవు, 8.8 గ్రేడు ఇవ్వండి" అంటే (గ్రేడు అంటే బోల్టు బలానికి గుర్తు), ఆయన లేచి కూడా చూడలేదు, కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాచి సొరుగు లాగాడు. 5/16, 3/8, 7/16, 1/2, సన్న త్రెడ్డులో దాదాపు అన్నీ అలాగే వచ్చాయి, అదీ తల మీద టీవీఎస్ అని గుర్తున్న మంచి సరుకు.

షాపులో అడిగే పద్ధతి కూడా తెలియాలి. పాత హార్డ్‌వేర్ షాపుల్లో అంగుళంలో ఎనిమిదో వంతుని ఒక సూతు అంటారు. 3/8 అంటే మూడు సూతులు, 5/16 రెండున్నర, అరంగుళం నాలుగు. చెన్నైలో ఇదే లెక్కని నూలు అంటారు. కానీ ఇక్కడ ఒక గొయ్యి ఉంది. మామూలు హార్డ్‌వేర్ షాపులో "మూడు సూతుల బోల్టు" అంటే ఇచ్చేది ఎక్కువగా విట్‌వర్త్ బోల్టు, గేట్లకీ షెడ్లకీ వాడే మెత్తటి ఇనుము. 1/4, 5/16, 3/8, 7/16 సైజుల్లో విట్‌వర్త్‌కీ యూఎన్‌సీకీ అంగుళానికి చుట్లు ఒకటే, కోణం మాత్రం 55కీ 60కీ తేడా, కాబట్టి నట్టు ఎక్కేస్తుంది, తేడా తెలియదు. అరంగుళంలో మాత్రం విట్‌వర్త్‌కి 12 చుట్లు, యూఎన్‌సీకి 13, అది మధ్యలో పట్టేస్తుంది. పట్టేసేది మంచిదే, కనీసం తెలుస్తుంది. పట్టేయనిదే ప్రమాదం. వెనక తొట్టి చెక్కలకి, గొలుసు కొక్కేలకి నేను ఈ హార్డ్‌వేర్ బోల్టులే వేశాను, చదరపు మెడ ఉన్న క్యారేజ్ బోల్టులు కిలో లెక్కన దొరుకుతాయి. అంతకు మించి ఇంకెక్కడా వాటిని దగ్గరికి రానివ్వలేదు.

కుడి వెనక చక్రం

ఈ బండిలో నాకు నిజంగా చెమట పట్టించింది ఇది. జీపు చక్రానికి ఐదు స్టడ్లు (హబ్బులో దిగి ఉండే, చక్రం నట్లు ఎక్కే మర కడ్డీలు), అరంగుళం మందం, అంగుళానికి 20 చుట్లు. కుడి వెనక హబ్బులో రెండు స్టడ్లు మిగతావాటి కంటే కొంచెం సన్నగా కనిపించాయి. కొలిస్తే 12 మిల్లీమీటర్లు. పిచ్ 1.25. ఎం12×1.25, మారుతి కార్ల చక్రాలకి ఉండే సైజు అది. ఎవరో పాత స్టడ్డు విరిగితే ఇది దూర్చి, వెనక వెల్డింగ్ చుక్కలు పెట్టి, పైన జీపు నట్టే బిగించారు.

అది ఎలా బిగిసిందంటే, అరంగుళం 20 చుట్ల పిచ్ 1.27 మిల్లీమీటర్లు. 1.25కీ 1.27కీ తేడా చేతికి తెలియదు. నట్టు హాయిగా తిరుగుతుంది, చివర్లో బిగుస్తుంది కూడా. కానీ స్టడ్డు 0.7 మిల్లీమీటర్లు సన్నం కాబట్టి నట్టు త్రెడ్డులోకి దాని త్రెడ్డు వెళ్లేది సగం కంటే తక్కువే. మిగతా అంతా గాలి. తోట దారిలో, లోడు మీద, ఐదింటిలో రెండు స్టడ్లు అలా వేలాడుతూ ఆ బండి ఎన్నేళ్లు తిరిగిందో. పాత బండి ఏది కొన్నా మొదట చక్రాల నట్లు తీసి వెర్నియర్ పెట్టండి, ఇంజను సౌండు తర్వాత వినొచ్చు.

స్టడ్డు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత జీపుల్లో స్టడ్డుని హబ్బు, డ్రమ్ము రెండింటికీ కలిపి అంచు నలగ్గొట్టి పట్టిస్తారు. ఆ నలిగిన అంచుని ముందు కోసేయకుండా ప్రెస్సు పెట్టి నెట్టితే హబ్బు రంధ్రం పెద్దదైపోతుంది, ఆ తర్వాత ఏ స్టడ్డు వేసినా గిరగిరా తిరుగుతుంది. ఆ సైజుకి సరిపోయే కట్టర్‌ని లేత్ షాపులో చేయించుకుని అంచు తీశాకే నెట్టాను. కొత్త స్టడ్డు కొనేటప్పుడు కూడా త్రెడ్డు ఒక్కటే చూస్తే చాలదు, మెడ దగ్గర గీతల భాగం మందం కూడా కొలిచి తీసుకోవాలి. కుడి వైపువి చెన్నై పుదుపేటలో పాత జీపు సామాన్ల షాపులో దొరికాయి, నూనె కాగితంలో చుట్టి ఉన్న పాత స్టాకు. పుదుపేటకి వెళ్లేటప్పుడు చేతిలో శాంపిలు ఉండాలి, ఫోనులో ఫొటో చూపిస్తే ఏదో ఒకటి అంటగడతారు.

ఎడమ వైపు లెఫ్ట్ త్రెడ్డు

ఎడమ చక్రాల కథ వేరు. విల్లీస్ వాళ్లు ఎడమ వైపు స్టడ్లకి లెఫ్ట్ త్రెడ్డు (ఎడమకి తిప్పితే బిగిసేది) పెట్టారు, చక్రం ముందుకి తిరిగే దిశలో నట్టు వదులవకుండా ఉంటుందని ఆ రోజుల్లో నమ్మకం, క్రిస్లర్ వాళ్లూ చాలా ఏళ్లు అలాగే చేశారు. స్టడ్డు కొన మీద ఎల్ అనే ఇంగ్లీషు అక్షరం కొట్టి ఉంటుంది. ఆ అక్షరం మట్టిలో, తుప్పులో కనపడదు. ఎడమ ముందు చక్రానికి ఒక స్టడ్డు మొదలంటా విరిగి ఉంది. ఎలా విరిగిందో ఊహించడానికి తెలివి అక్కర్లేదు: విప్పుతున్నాననుకుని బిగించారు, కదలట్లేదని పైపు వేశారు, పైపు మీద ఎక్కి నిలబడ్డారు.

లెఫ్ట్ నట్లు పుదుపేటలో దొరికాయి, స్టడ్లు మాత్రం మొత్తం సెట్టుకి సరిపడా దొరకలేదు. ఇక్కడ మా లేత్ మామ "నేను చేసిస్తా కదా" అన్నాడు. చేయగలడు కూడా, ఆ మాట తర్వాత చెబుతాను. కానీ చక్రం స్టడ్డు లేత్ మీద కోసింది వేయడం నాకు ఇష్టం లేదు. ఫ్యాక్టరీలో త్రెడ్డుని రోలింగ్‌తో నొక్కి తీస్తారు, లోహం తెగదు, త్రెడ్డు ఆకారంలోకి ఒరుగుతుంది. లేత్ మీద కోస్తే ఆ త్రెడ్డు అడుగున పదునైన గాటు మిగులుతుంది, మాటిమాటికీ బరువు పడి లేచే చోట పగులు మొదలయ్యేది ఆ గాటు దగ్గరే. అదీ కాక ఏ స్టీలు, ఎంత గట్టిపరిచారు అన్నది కంటితో చెప్పలేం.

నిజానికి రెండు వైపులా కుడి త్రెడ్డు వేసేయమని ఓనరుకి నేనే చెప్పాను. నట్టు అడుగున కోను సరిగ్గా కూర్చుంటే ఇప్పటి బండ్లకి ఏ వైపూ లెఫ్ట్ త్రెడ్డు అక్కర్లేదు, పైగా దారిలో పంక్చరు షాపు కుర్రాడు గాలి గన్ను పెట్టాడంటే ఒక్క క్షణంలో స్టడ్డు తెగుతుంది. ఆయన వినలేదు. "మా నాయన నాడు అది ఎడం మరే, అట్లే ఉండనీ నాయనా. చక్రం ఇప్పాలంటే నేనే ఇప్పుకుంటా" అన్నాడు. సరే, బండి ఆయనది. లెఫ్ట్ స్టడ్లు అమెరికా నుంచి తెప్పించాం, అక్కడ పాత జీపులకి ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతారు. హబ్బు మీద ఎర్ర పెయింటుతో విప్పే దిశకి బాణం గీసి, పక్కన "ఎడమ మర" అని రాయించాను. చూడ్డానికి బాగోలేదు, ఉండాల్సిందే.

అమెరికా సంచిలో ఇంకేమున్నాయి

బ్రేకు పైపు నట్లు. 3/16 పైపుకి వచ్చే నట్టు 3/8, 24 చుట్లు. అది అంబాసిడర్‌కీ ఉంటుంది కాబట్టి పాత కార్ల సామాన్ల షాపులో దొరుకుతుంది. కానీ జీపులో పావంగుళం పైపు కూడా ఉంటుంది, దాని నట్టు 7/16, 24 చుట్లు. మామూలు యూఎన్‌ఎఫ్‌లో 7/16కి 20 చుట్లు, కాబట్టి ఈ 24 ఏ ట్రాక్టరు షాపులోనూ దొరకదు. అమెరికాలో ఏ పార్ట్స్ షాపులోనైనా మామూలు సరుకే. దీన్ని లేత్ మీద చేయించమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. నట్టు త్రెడ్డు ఒక్కటే చాలదు, లోపల ఏటవాలు అంచు పైపు ఫ్లేరుని (గరాటులా విప్పార్చిన కొనని) సమంగా నొక్కాలి, ఒక వైపు ఎక్కువ నొక్కితే ఆయిలు చెమ్మ మొదలవుతుంది. ఒకే సర్క్యూట్ బ్రేకు ఇది, ఒక్క చోట కారితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. చర్చే లేదు, తెప్పించుకున్నాం. పైపు కొన డబుల్ ఫ్లేరు (రెండు మడతలది), సింగిల్ కాదు.

హెడ్ బోల్టులు 7/16 ముతక త్రెడ్డు. పాతవాటిలో కొన్ని సాగి ఉన్నాయి. పిచ్ గేజ్ బోల్టు పొడవునా పెట్టి వెలుతురుకి పట్టుకుంటే మధ్యలో గేజ్ పళ్లు త్రెడ్డుతో కలవకుండా పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది, అలాంటిది చెత్తలోకే. ఎఫ్134కి ఒక తమాషా ఉంది, దీన్ని మొదటిసారి విప్పేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఒక హెడ్ బోల్టు కార్బురేటరు కింద, గాలి పోయే దారిలోపల దాక్కుని ఉంటుంది. కార్బురేటరు తీస్తేనే కనపడుతుంది. అది తెలియక మిగతావన్నీ విప్పి హెడ్డుని గడ్డపారతో లేపబోయి పగలగొట్టిన బండ్లు ఉన్నాయి. ఇంజను క్యాబిన్‌లో రెండు సీట్ల మధ్య మూత కింద ఉండే ఎఫ్‌సీలో అక్కడికి చెయ్యి పోవడమే ఒక విద్య. హెడ్ బోల్టులు మాత్రం చెన్నైలోనే దొరికాయి, మట్టి మిషన్ల స్పేర్స్ అమ్మే చోట, తల మీద ఆరు గీతలున్న గ్రేడ్ 8. అసలు బండికి మూడు గీతల గ్రేడ్ 5 చాలు. ఎక్కువ గ్రేడు వేశాను కదా అని ఎక్కువ బిగించకూడదు, కింద బ్లాకు పోత ఇనుము, టార్క్ (బిగించే బలం) మాన్యువల్‌లో ఉన్నంతే.

గీతల గురించి ఒక మాట. అమెరికా బోల్టు తల మీద మూడు గీతలంటే గ్రేడ్ 5, మన 8.8కి దగ్గర. ఆరు గీతలంటే గ్రేడ్ 8, మన 10.9కి దగ్గర. తల నున్నగా ఉంటే దాని బలం గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు, స్టీరింగుకి, కమాన్ కట్టలకి, బ్రేకులకి అలాంటిది వేయకూడదు. గీతలున్నా దొంగ సరుకు ఉంటుంది, అందుకే అనుమానం వచ్చిన లాటులోంచి ఒకటి చెన్నై అంబత్తూరులో హార్డ్‌నెస్ టెస్టు చేయించాను. గ్రేడ్ 8 అయితే రాక్‌వెల్ సీ స్కేలు మీద 33 నుంచి 39 మధ్య రావాలి. ఆ టెస్టుకయ్యే ఖర్చు ఒక కొత్త హెడ్ గ్యాస్కెట్ ధర ముందు లెక్కలోకి రాదు.

ఎక్కడ మెట్రిక్ వేసినా పర్లేదు

అన్నీ అంగుళాలే ఉండాలని పట్టుబట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. రంధ్రం ఆర్పారుగా (ఇవతలి నుంచి అవతలికి) ఉండి, బోల్టూ నట్టూ రెండూ కొత్తవి వేసేటప్పుడు త్రెడ్డు ఏదైతేనేం? 5/16 రంధ్రంలోకి 8.8 గ్రేడు ఎం8 హాయిగా దూరుతుంది, క్యాబిన్ రేకులకి, మడ్‌గార్డులకి అదే వేశాను. 3/8 దగ్గర అన్నిచోట్లా కుదరదు, ఎం10 దూరాలంటే రంధ్రాన్ని అరగదీసి పెద్దది చేయాలి, నేను చేయను. అరంగుళం రంధ్రంలో ఎం12 దూరుతుంది గానీ చుట్టూ ఖాళీ మిగులుతుంది, బరువు అడ్డంగా పడే చోట అది పనికిరాదు. బ్లాకులోకి, గేర్‌బాక్సులోకి త్రెడ్డు ఉన్న రంధ్రాల్లో మాత్రం ఎప్పుడూ అసలుదే. పాడైపోయిన సంపు రంధ్రాలకి హెలికాయిల్ (కొత్త త్రెడ్డుగా లోపల దింపే తీగ చుట్ట) వేసి మళ్లీ 5/16కి తెచ్చాను, ఎం10కి ట్యాప్ కొట్టేస్తే (పెద్ద త్రెడ్డు కోసేస్తే) ఆ రోజుకి పని అయిపోతుంది, వచ్చే మెకానిక్కు మాత్రం నన్ను తిట్టుకుంటాడు.

కమాన్ కట్టల యు-బోల్టులు లారీల కమాన్ షాపులో చేయించాను. ఆర్పారు రంధ్రాలే కాబట్టి త్రెడ్డు సమస్య లేదు, కడ్డీ ఏ స్టీలన్నదే సమస్య. షాపులో మూల నిలబెట్టిన మామూలు కడ్డీ వంచి ఇచ్చేస్తారు, ఈఎన్19 (గట్టి స్టీలు రకం) కడ్డీ మనమే కొనిచ్చి దగ్గర నిలబడి చేయించుకోవాలి.

లేత్ మామ

ఆటోనగర్ వైపు ఒక పాత టర్నరు ఉన్నాడు, అందరికీ మామే. ఆయన లేత్ ఆయన కంటే ముసలిది, దాని లీడ్ స్క్రూ (త్రెడ్డు కోసేటప్పుడు పనిముట్టుని జరిపే పొడవాటి మర) అంగుళానికి 4 చుట్లు. అంగుళాల త్రెడ్డు కోయడానికి ఇంతకంటే మంచి మిషన్ లేదు, గేర్లు మారిస్తే 20 అన్నా 24 అన్నా తిన్నగా వస్తుంది. కొత్త మెట్రిక్ లేత్ మీద ఇదే పని చేయాలంటే 127 పళ్ల గేరు కావాలి, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కదా, ఆ లెక్క తెగేది ఆ గేరుతోనే. చాలా షాపుల్లో ఆ గేరు ఉండదు, ఉన్నదాంతో సర్దేస్తారు, నాలుగు చుట్లు బాగుండి ఐదో చుట్టు దగ్గర నట్టు పట్టేస్తుంది.

మామ చేత చేయించినవి వెనక తలుపు కీలు పిన్నులు, సీటు కింద మెడ ఉన్న ప్రత్యేక బోల్టులు, అద్దం చట్రానికి పెద్ద తల గుబ్బ నట్లు, ఎగ్జాస్టు మానిఫోల్డుకి ఇత్తడి నట్లు. ఇత్తడి ఎందుకంటే వేడికి స్టడ్డుతో అతుక్కుపోదు, మళ్లీ విప్పొచ్చు. వీటిలో ఏది విరిగినా బండి ఆగుతుందేమో గానీ ఎవరి ప్రాణమూ పోదు, లేత్ పనికి నేను పెట్టుకున్న గీత అదే. స్టీలు కొనేటప్పుడు ఈఎన్8 రకం అని అడిగి తీసుకున్నాను, షాపులో ఉన్న ఏదో కడ్డీ కాదు. తలలు షట్కోణంగా కోశాక అంచు కొంచెం గుండ్రంగా అరగదీయమన్నాను. పాత బోల్టు తల అలాగే ఉంటుంది, కొత్తది పదునుగా కనపడితే పెయింటు ఎంత బాగున్నా కన్ను అక్కడికే పోతుంది.

చిన్న స్క్రూలు

పెద్ద బోల్టుల కంటే ఇవే ఎక్కువ విసిగించాయి. డాష్‌బోర్డు దీపాలు, మీటర్లు, స్విచ్చులకి అమెరికా నంబరు సైజు స్క్రూలు ఉంటాయి, 6-32, 8-32, 10-32 అని. మొదటిది సైజు నంబరు, రెండోది అంగుళానికి చుట్లు. ఎం5 స్క్రూని 10-32 రంధ్రంలో బలవంతంగా దింపిన చోట్లు చాలా ఉన్నాయి, పిచ్ దాదాపు ఒకటే (0.8కీ 0.79కీ తేడా), మందం మాత్రం ఎక్కువ, కాబట్టి ఇరుక్కుని లోపల గీసేస్తుంది.

6-32 స్క్రూ తిరుపతిలో ఎక్కడ దొరికిందంటే నమ్మరు, కంప్యూటరు రిపేరు షాపులో. డెస్క్‌టాప్ డబ్బా మూతకీ, పెద్ద హార్డ్ డిస్కుకీ ఉండే స్క్రూ 6-32. పాత డబ్బాల నుంచి తీసినవి గుప్పెడు ఊరికే ఇచ్చాడు. తల ఆకారం వేరు, కనపడని చోట అవి, కనపడే చోట చెన్నై నుంచి తెచ్చిన గుండ్రటి తలవి వేశాను. ఇంకో చిట్కా, ఫొటో స్టూడియోలో ట్రైపాడ్ స్క్రూ 1/4-20. పావంగుళం ముతక రంధ్రం అవునో కాదో చూడ్డానికి అదొకటి జేబులో ఉంటే ట్యాప్ సెట్టు మోసుకెళ్లే పని లేదు.

పూత

అసలు బోల్టుల్లో కొన్నింటికి కాడ్మియం పూత, కొన్నింటికి నల్ల ఫాస్ఫేటు ఉంటుంది. కాడ్మియం విషం, ఇప్పుడు దాని జోలికి పోవడం అనవసరం. నేను జింక్ వేయించాను, పసుపు కాదు, తెల్లది. పాతవి మళ్లీ వాడేవాటిని తుప్పు వదలడానికి యాసిడ్‌లో ముంచకుండా, చాకలి సోడా నీళ్లలో పెట్టి, బ్యాటరీ చార్జరు తీగలతో కరెంటు పంపి శుభ్రం చేశాను. 10.9, గ్రేడ్ 8 లాంటి గట్టి బోల్టులకి యాసిడ్, ప్లేటింగ్ రెండూ ప్రమాదమే. హైడ్రోజన్ లోహంలోకి దూరి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో బోల్టు గాజులా పుటుక్కున తెగుతుంది. ప్లేటింగ్ అయిన వెంటనే 200 డిగ్రీల దరిదాపుల్లో కొన్ని గంటలు ఓవెన్‌లో కాల్చాలి. "కాల్చాం సార్" అని ప్లేటింగ్ షాపు చెబితే నమ్మాలో లేదో నాకు తేలదు, అందుకే గట్టి బోల్టులకి ప్లేటింగే వేయించలేదు, నల్ల పూత ఉన్నవి కొని నూనె రాసి వదిలేశాను. స్టెయిన్‌లెస్ వేద్దామని ఓనరు కొడుకు మెరుపు చూసి ముచ్చటపడ్డాడు. మామూలు 304 రకం బోల్టు 8.8 అంత బలం కాదు, పైగా స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద బిగిసి అతుక్కుపోతుంది, కోస్తే తప్ప రాదు. నంబరు ప్లేటుకి వేసిచ్చాను, తృప్తి పడ్డాడు.

బండి ఇప్పుడు నడుస్తోంది. చక్రాల నట్లు మొదటి వంద కిలోమీటర్ల లోపు మళ్లీ టార్క్ చూశాం, కొత్త స్టడ్లు కొంచెం లోపలికి దిగి కుదురుకుంటాయి కాబట్టి ఇది తప్పదు, కుడి వెనక రెండు నట్లు పావు చుట్టు తీసుకున్నాయి. సీటు కింద ఓనరుకి ఒక డబ్బా పెట్టాను, ప్రతి సైజులో రెండేసి, మీద అట్టముక్కతో ఏది ఎక్కడిదో తెలుగులో రాసి. లెఫ్ట్ నట్లు ఎర్ర గుడ్డలో వేరేగా ఉన్నాయి. ఇంకా దొరకనిది ఒకటి ఉంది, ఎడమ తలుపు లోపలి పిడిని పట్టే స్ప్రింగు క్లిప్పు. ప్రస్తుతానికి సైకిల్ స్పోకు వంచి పెట్టాం, బాగానే పట్టుకుంది.